గుర్రాలు లాగిన సైన్యాన్ని దాణా లెక్కతో చదవడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం అనగానే చాలామందికి ట్యాంకుల వరసలే గుర్తొస్తాయి. ఆ బొమ్మ ఊరికే పుట్టలేదు. అప్పటి జర్మన్ ప్రభుత్వం సినిమా హాళ్ళలో వారం వారం వేయించిన న్యూస్‌రీళ్ళ నుంచి వచ్చింది, కెమెరావాళ్ళు ట్యాంకులనూ విమానాలనూ వెతుక్కుని మరీ తీశారు. ఆ ట్యాంకుల వెనక రోజుల తరబడి నడిచొచ్చిన అసలు సైన్యాన్ని మాత్రం గుర్రాలే లాగాయి. 1939లో యుద్ధంలోకి దిగేనాటికి దాని దగ్గర 5 లక్షలకు పైగా గుర్రాలున్నాయి. యుద్ధం మొత్తం మీద వాడినవి, కంచరగాడిదలు కూడా కలుపుకుంటే, సుమారు 27.5 లక్షలు. 1944 నవంబరులో, అంటే ఇంకో ఆరు నెలల్లో యుద్ధం ముగుస్తుందనగా, పోరాడుతున్న 264 జర్మన్ డివిజన్లలో (డివిజన్ అంటే వేలమంది సైనికులుండే పెద్ద దళం) ట్యాంకు డివిజన్లూ మోటారు డివిజన్లూ కలిపి 42 మాత్రమే. మిగతావాళ్ళు కాళ్ళ మీదా గుర్రపు బళ్ళ మీదా కదిలినవాళ్ళే.

యుద్ధ చరిత్ర చదువుతూ "అసలు ఈ సైన్యం ఇక్కడ ఎందుకు ఆగిపోయింది" అని చిరాకుపడే వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. నవల రాస్తున్నవాళ్ళకు, మ్యాపు ముందేసుకుని వార్‌గేమ్ ఆడేవాళ్ళకు, కాలేజీలో ప్రాజెక్టు చేసుకునేవాళ్ళకు కూడా పనికొస్తుంది. సేనాపతుల తెలివి, సైనికుల ధైర్యం, చలి, హిట్లర్ మొండితనం, ఇవన్నీ పుస్తకాల్లో బోలెడన్ని దొరుకుతాయి. గుర్రం ఏం తిన్నది, ఎంత దూరం నడిచింది అనేది దొరకదు, దొరికినా ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చూస్తే సగం జవాబు అందులోనే ఉంటుందని నా నమ్మకం.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. రైలు పట్టాలు చూపించే ఒక మ్యాపు, ఫోన్‌లో కాలిక్యులేటర్, కొంచెం ఓపిక.

ముందు ఏ గుర్రమో తేల్చుకోండి

సైన్యంలో గుర్రం అంటే రెండు వేరువేరు సంగతులు. ఒకటి రౌతు ఎక్కి పోరాడే గుర్రం, రెండోది బండీ ఫిరంగీ లాగే గుర్రం. మనం మాట్లాడుకునేది రెండోదాని గురించి. ఈ తేడా పట్టించుకోకపోతే లెక్క మొదట్లోనే చెడిపోతుంది.

మనవాళ్ళకు మొదటి రకమే ఎక్కువ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా వైపు వెళ్ళిన అశ్వికదళ బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో (అంటే బల్లేల రౌతులతో) పాటు హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు, ఢిల్లీలోని తీన్ మూర్తి చౌరస్తాలో కనిపించే ముగ్గురు సైనికుల విగ్రహాలు ఆ మూడు సంస్థానాల దళాలవే. 1939 నాటికి ఆ కాలం దాదాపు వెళ్ళిపోయింది. జర్మన్లకు మిగిలిన ఒకే ఒక్క అశ్వికదళ డివిజన్‌ను కూడా 1941 చివర్లో 24వ ట్యాంకు డివిజన్‌గా మార్చేశారు. పోలండ్ రౌతులు బల్లేలతో ట్యాంకుల మీదికి దూకారన్న కథ కూడా పక్కన పెట్టండి. 1939 సెప్టెంబరు 1న క్రోయాంటి దగ్గర వాళ్ళు దాడి చేసింది జర్మన్ పదాతి మీద, తర్వాత సాయుధ వాహనాలు వచ్చి వాళ్ళ మీద కాల్పులు జరిపాయి. దాన్నే ప్రచారం కోసం అలా తిప్పి రాశారు. గుర్రాల మీద ఎక్కువ ఆధారపడిన సైన్యం పోలండ్‌దే అని అందరూ అనుకోవడానికి ఆ కథే కారణం, ఎదుటివైపు గుర్రాలు లక్షల్లో ఉన్నాయని మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక డివిజన్‌ను తీసుకుని లెక్కపెట్టండి

మొత్తం సైన్యాన్ని ఒకేసారి లెక్కించబోతే అంకెలు కళ్ళకు కనబడవు. ఒక్క పదాతి డివిజన్ తీసుకోండి. యుద్ధం మొదట్లో జర్మన్ పదాతి డివిజన్‌లో మనుషులు 17 వేల పైచిలుకు, గుర్రాలు సుమారు 5 వేలు, గుర్రపు బళ్ళు వెయ్యికి అటూ ఇటూ. లారీలు, కార్లు, మోటార్ సైకిళ్ళు కూడా వందల్లో ఉండేవి, కాకపోతే వాటిలో చాలా భాగం ట్యాంకులను ఎదుర్కొనే దళానికీ సమాచార దళానికీ ఇంజనీర్లకూ పోయేవి. పట్టికను బట్టి, సంవత్సరాన్ని బట్టి అంకెలు మారతాయి. మన పనికి 5 వేల గుర్రాలు, వెయ్యి బళ్ళు అనుకుంటే చాలు.

ఆ గుర్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా ఒకసారి ఊహించుకోండి, ఎందుకంటే కథలు రాసేవాళ్ళు ఇక్కడే తడబడతారు. 105 మిల్లీమీటర్ల తేలిక హొవిట్జర్ ఫిరంగిని ఆరు గుర్రాలు లాగేవి, రెండేసి చొప్పున మూడు జతలుగా కట్టి, ప్రతి జతలో ఎడమవైపు గుర్రం మీద ఒకడు కూర్చుని తోలేవాడు. 150 మిల్లీమీటర్ల భారీ ఫిరంగిని అలా ఒక్కసారే లాగలేరు, గొట్టాన్ని విడదీసి ఒక బండిగా, కింది చట్రాన్ని ఇంకో బండిగా చేసి ఒక్కోదానికి ఆరేసి గుర్రాలు కట్టేవాళ్ళు. గుండ్ల బళ్ళు వేరే. కంపెనీకి అన్నం వండే చక్రాల వంటశాల, సైనికులు ముద్దుగా గూలాష్ ఫిరంగి అని పిలుచుకున్నది, అదీ గుర్రాలే లాగాలి. సైనికుల మూటలు, మెషిన్‌గన్ పెట్టెలు, గాయపడ్డవాళ్ళు, కమ్మరి సామాను, అన్నీ బళ్ళ మీదే.

రోడ్డు మీద ఈ డివిజన్ ఎంత పొడవుంటుందో చూడండి. ముందూ వెనకా కాస్త ఖాళీతో ఒక్కో బండికి 12 మీటర్లు వేసుకుంటే వెయ్యి బళ్ళకు 12 కిలోమీటర్లు. ఇంకా ఫిరంగులూ నడిచే మనుషులూ కలవనే లేదు. పొద్దున్నే తల కదిలితే తోకకు కదిలే అవకాశం వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఒకే రోడ్డు మీద రెండు డివిజన్లను పంపినట్టు ఏ పుస్తకంలోనైనా కనిపిస్తే ఆ రోడ్డు మీద ఎలాంటి రద్దీ ఉండి ఉంటుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

దాణా లెక్క

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. బరువు లాగే గుర్రానికి రోజుకు 5 కిలోల ఓట్స్, 5 కిలోల ఎండుగడ్డి, మొత్తం 10 కిలోలు వేసుకోండి. జాతి పెద్దదైతే ఇంకా ఎక్కువే తింటుంది. 5 వేల గుర్రాలకు రోజుకు 50 టన్నులు. నీళ్ళు ఒక్కోదానికి 30 నుంచి 40 లీటర్లు, అంటే డివిజన్‌కు రోజూ లక్షన్నర లీటర్లకు తగ్గవు. బావులు రెండున్న పల్లెటూళ్ళో రాత్రి మకాం వేస్తే ఆ ఊరి బావులు ఏమవుతాయో ఆలోచించండి.

50 టన్నులు అని చదివి వదిలేయకండి, అందులో సగం గడ్డి. వరికోతలయ్యాక గడ్డి తోలుకొచ్చే ఎడ్లబండిని చూసినవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు, బండి ఇంటికప్పంత ఎత్తున కనిపిస్తుంది, తూకం వేస్తే మాత్రం అంత ఉండదు. బళ్ళలోనూ రైలు పెట్టెల్లోనూ గడ్డి అలాగే బరువుకు మించి చోటు తినేస్తుంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. లారీ ఆగి ఉంటే పెట్రోలు తాగదు. గుర్రం నిలబడి ఉన్నా తినాలి, కుంటుతున్నా తినాలి, జబ్బుపడి పడుకున్నా తినాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనవాళ్ళు ఊరికే అనలేదు. కాబట్టి సైన్యం మూడు వారాలు ఒకచోట ఆగి "విశ్రాంతి తీసుకుంది" అని చదివినప్పుడు దాణా మీటరు ఆగిందనుకోవద్దు. పైగా ఒకేచోట ఆగితే చుట్టుపక్కల మేత అయిపోతుంది, రోజురోజుకూ ఇంకా దూరం పోయి తేవాలి.

దూరాన్ని లెక్కలోకి తెండి

ఈ అడుగు దగ్గర నిదానంగా ఉండండి, అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

రెండు గుర్రాల బండి ముప్పావు టన్ను, అంటే 750 కిలోలు మోస్తుందనుకుందాం. రోజుకు 30 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాం, ఇది మామూలు రోడ్డు మీద నిలకడగా నడవగలిగే దూరం. రైలు సరుకు దింపే స్టేషన్ నుంచి డివిజన్ 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే బండి వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. 50 టన్నుల దాణాకు రోజూ 67 బళ్ళు కావాలి, రెండు రోజుల ప్రయాణం కాబట్టి మొత్తం 134 బళ్ళు. దారిలో ఆ గుర్రాలు తినేది కలిపితే ఇంకొన్ని. ఇంతవరకు ఫర్వాలేదు.

ఇప్పుడు అదే డివిజన్ స్టేషన్ నుంచి 150 కిలోమీటర్లు ముందుకు పోయింది. వెళ్ళడానికి 5 రోజులు, రావడానికి 5 రోజులు. బండి గుర్రాలు రెండూ రోజుకు 20 కిలోల చొప్పున పది రోజుల్లో 200 కిలోలు తింటాయి, అది కూడా ఆ బండి మీదే పోవాలి. ముందువాళ్ళకు చేరేది 550 కిలోలే. అంటే రోజూ 91 బళ్ళు చేరాలి, పది రోజుల ప్రయాణం కాబట్టి మొత్తం 910 బళ్ళు, 1,820 గుర్రాలు. డివిజన్ దగ్గరున్న బళ్ళే వెయ్యి! ఉన్న బళ్ళన్నీ గుర్రాలకు మేత మోయడానికే సరిపోతే గుండ్లు ఎవరు మోయాలి, రొట్టె ఎవరు మోయాలి, గాయపడ్డవాళ్ళను ఎవరు వెనక్కి తేవాలి?

అదే దూరానికి మూడు టన్నుల లారీ పెట్టి చూడండి. 50 టన్నులకు రోజుకు 17 లారీలు. చెడ్డ రోడ్డని రానుపోను మూడు రోజులు వేసుకున్నా 51 లారీలతో పని తెమిలిపోతుంది. నిజానికి జర్మన్లు చేసింది కూడా ఇదే. స్టేషన్ దగ్గర్నుంచి దూరాలకు సైన్యం కేంద్రంగా నడిపే లారీ దళాలను పెట్టారు, డివిజన్ దగ్గరికి వచ్చాక గుర్రపు బళ్ళు అందుకునేవి. అయితే లారీలు సరిపడా లేవు. ఉన్న లారీలు ముందు మోయవలసింది పెట్రోలు, గుండ్లు, రొట్టె. ఓట్స్ వంతు ఎప్పుడూ చివరే.

మరి గుర్రాలు ఏం తిన్నాయి? ఊళ్ళ మీద పడి తిన్నాయి. ఈ లెక్క చేస్తే తప్ప ఈ సంగతి పూర్తిగా అర్థం కాదు. ఉక్రెయిన్, బెలారుస్, రష్యా పల్లెల్లో రైతులు చలికాలానికి దాచుకున్న గడ్డీ ఓట్సూ జర్మన్ గుర్రాల నోళ్ళలోకి పోవడం ఒకరిద్దరు సైనికుల దుర్మార్గం వల్ల జరిగింది కాదు, ఆ సైన్యం కదిలిన పద్ధతిలోనే అది ఉంది. దోచుకోకుండా ఆ సైన్యం అంత దూరం పోలేదు, దోచుకుంటామని ముందే లెక్క వేసుకుని బయలుదేరింది. కథ రాస్తుంటే ఆ ఊరి రైతు వైపు నుంచి కూడా ఈ 50 టన్నులను చూడండి. వాళ్ళ ఆవుకు ఆ చలికాలం ఏమీ మిగల్లేదు.

రైలు పట్టాల మాట

మ్యాపులో రైలు గీత కనిపించగానే సంబరపడొద్దు. సోవియట్ పట్టాల మధ్య దూరం 1,524 మిల్లీమీటర్లు, జర్మన్ పట్టాలకు 1,435. తేడా 89 మిల్లీమీటర్లే, అయినా జర్మన్ రైలు ఆ పట్టాల మీద నడవదు. ఒకవైపు పట్టా ఊడదీసి లోపలికి జరిపి మళ్ళీ బిగించుకుంటూ పోవాలి. సోవియట్ ఇంజిన్లు పెద్దవి కావడంతో నీళ్ళు పట్టుకునే స్టేషన్లు దూరదూరంగా ఉండేవి, జర్మన్ ఇంజిన్లకు మధ్యలో కొత్తవి కట్టాల్సి వచ్చింది. కాబట్టి మీ లెక్కలో "సరుకు దిగే స్టేషన్" అంటే ఆ తేదీ నాటికి పట్టాలు మార్చిన ఆఖరి స్టేషన్ అని అర్థం. సైన్యం ఉన్నచోటికి దగ్గర్లో మ్యాపులో కనబడే స్టేషన్ కాదు.

వేగాన్ని రెండుగా విడగొట్టండి

1941 జూన్ 22న సోవియట్ యూనియన్ మీద జర్మన్ల దాడి మొదలైంది. 6 లక్షలకు పైగా గుర్రాలు సరిహద్దు దాటాయి. సరిహద్దు పట్టణం బ్రెస్ట్ నుంచి బెలారుస్ రాజధాని మిన్స్క్ సుమారు 345 కిలోమీటర్లు. జర్మన్ ట్యాంకులు ఏడో రోజుకు, జూన్ 28కల్లా మిన్స్క్ పట్టుకున్నాయి. ఇప్పుడు వెనకున్న పదాతిని రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున నడిపించండి. ఏడో రోజుకు వాళ్ళు 210 కిలోమీటర్ల దగ్గర ఉంటారు. మధ్యలో 135 కిలోమీటర్ల ఖాళీ, దారిలో పోరాటాలు లేవనుకుంటేనే ఇది. నిజంగా అయితే పోరాటాలున్నాయి, ఇసుక రోడ్లున్నాయి, ఎండ ఉంది. కొన్ని దళాలు రోజుకు 40 కిలోమీటర్లు కూడా నడిచాయి, కానీ దానికి గుర్రాలు మూల్యం చెల్లించాయి, ఆ మూల్యం రెండు మూడు వారాల తర్వాత బయటపడేది.

ఈ ఖాళీయే ఆ వేసవి యుద్ధం ఆకారాన్ని నిర్ణయించింది. ట్యాంకులు చుట్టుముట్టిన సోవియట్ సైన్యాలను మూత పెట్టి ఉంచాల్సింది పదాతి, ఆ పదాతి ఇంకా దారిలో ఉంది. చాలామంది సోవియట్ సైనికులు ఆ సందుల్లోంచి తప్పించుకుని అడవుల్లోకి, తూర్పుకు వెళ్ళిపోయారు. ట్యాంకులేమో పదాతి వచ్చేదాకా కదలకుండా ఆగాల్సి వచ్చింది. ఏ యుద్ధం చదివినా మ్యాపు మీద రెండు గీతలు వేరే రంగుల్లో గీయండి, ఒకటి మోటారుది, ఒకటి గుర్రానిది. ఆ రెండు గీతల మధ్య దూరం పెరుగుతున్న తేదీలు గుర్తుపెట్టుకుంటే సేనాపతుల మధ్య గొడవలు ఎప్పుడు ముదిరాయో కూడా ఇట్టే తెలుస్తుంది.

నేల, కాలం, జాతి

ఇప్పటిదాకా వేసిన లెక్క మంచి రోడ్డు మీద, మంచి కాలంలో. రష్యాలో ఆ రెండూ ఎక్కువ రోజులు దొరకలేదు.

అక్టోబరు వానలకు రోడ్లు బురదగుంటలయ్యాక రెండు గుర్రాల బండికి నాలుగు కట్టాలి, ఆరు గుర్రాల ఫిరంగికి ఎనిమిదో పదో కట్టాలి. వాటిని ఎక్కడి నుంచి తెస్తారు? పక్క బండి నుంచి విప్పుకొస్తారు. ఆ పక్క బండి అక్కడే నిలబడిపోతుంది. కాబట్టి బురద నెలల్లో బళ్ళ సంఖ్యను సగానికీ రోజు దూరాన్ని పది కిలోమీటర్లకో అంతకన్నా తక్కువకో దించండి, దాణా మాత్రం తగ్గించకండి, బురదలో లాగే గుర్రానికి ఆకలి ఇంకా ఎక్కువ.

బండి రకం కూడా చూడాలి. ఉక్కుతో చేసిన బరువైన సైనిక బండి ఒకటి ఉండేది, పశ్చిమ ఐరోపా రోడ్ల మీద బాగానే నడిచింది. రష్యాలో అది ఖాళీగా లాగడానికే గుర్రాలకు ప్రాణం పోయేది, సైనికులు దానికి గుర్రాల హంతకి అని పేరు పెట్టారు. చివరికి చాలా దళాలు దాన్ని వదిలేసి రైతుల దగ్గర లాక్కున్న చిన్న చెక్కబళ్ళకు మారాయి, వాటిని పాన్యే బళ్ళు అనేవాళ్ళు. వాటిని లాగే పొట్టి స్థానిక గుర్రాలు పాన్యే గుర్రాలు.

ఈ పాన్యే గుర్రం గురించి చెప్పాలి. చూడ్డానికి చిన్నది, బొచ్చు దట్టంగా ఉంటుంది, మంచులో బయట నిలబడగలదు, ఏది దొరికితే అది తింటుంది. దీని పక్కన ఫ్రాన్స్ నుంచి తెచ్చిన పెర్షరాన్, బెల్జియం నుంచి తెచ్చిన భారీ జాతి గుర్రాలు కొండల్లా ఉండేవి, పనిలో గట్టివే. కానీ వెచ్చని కొట్టాలకూ నిండు తొట్లకూ అలవాటుపడ్డవి, తిండి తగ్గగానే కూలబడ్డాయి. పోనీ అన్నిచోట్లా పాన్యే గుర్రాలే పెట్టేయొచ్చు కదా అంటే అదీ కుదరదు, అవి భారీ ఫిరంగిని లాగలేవు. దీంతో ఆహారం మోసే బళ్ళు కదిలాయి, ఫిరంగులు వెనకబడ్డాయి. మీ లెక్కలో గుర్రాలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కనీసం మూడు వరసలు పెట్టుకోండి, భారీ ఫిరంగి గుర్రాలు, మామూలు బండి గుర్రాలు, స్థానిక గుర్రాలు. మొదటి వరసలో చచ్చిన గుర్రానికి మూడో వరసలోంచి బదులు దొరకదు.

ఇక చలికాలం. 1941 డిసెంబరు, 1942 జనవరి, ఈ రెండు నెలల్లోనే తూర్పు రంగంలో జర్మన్ సైన్యం సుమారు 1,79,000 గుర్రాలను పోగొట్టుకుంది. తుపాకీ గుళ్ళకు పోయినవి కొన్నయితే చలీ ఆకలీ అలసట కలిసి చంపినవి ఇంకెన్నో. మేత లేక ఇళ్ళ కప్పుల మీద గడ్డి పీకి పెట్టారు. అందులో గుర్రానికి పనికొచ్చే సారం ఏముంటుంది, కడుపు నిండుతుందంతే, తర్వాత కడుపు ఉబ్బి శూలతో కొట్టుకుని చచ్చిపోయేవి. మంచుగడ్డ మీద జారకుండా లాడాలకు ప్రత్యేకమైన మేకులు బిగించాలి, అవి సమయానికి అందకపోతే గుర్రం పడి కాలు విరుగుతుంది. కాలు విరిగిన గుర్రాన్ని అక్కడే కాల్చేసేవాళ్ళు. ఆ రోజు కంపెనీ వంటశాలలో మాంసం అదే.

జబ్బులు, మనుషులు

ప్రతి పదాతి డివిజన్‌కూ ఒక పశువైద్య కంపెనీ ఉండేది, వెనక గుర్రాల ఆసుపత్రులుండేవి. అన్నిటికన్నా పీడించింది గజ్జి, ఒకదాన్నించి ఇంకోదానికి పాకిపోతుంది, బొచ్చు రాలిపోతుంది, బొచ్చు లేని గుర్రం చలిలో బతకదు. ఏ రోజైనా ఉన్న గుర్రాల్లో కొన్ని పని చేయలేని స్థితిలోనే ఉంటాయని లెక్కలో తీసేయండి, పది శాతంతో మొదలుపెట్టి చలికాలానికి పెంచుకుంటూ పోండి. ఈ పది నేను లెక్క కోసం పెట్టుకున్న అంకె, మీరు చదువుతున్న దళం వివరాలు దొరికితే దాన్నే వాడండి.

గుర్రాలకు మనుషులు కూడా కావాలి. తోలేవాళ్ళు, మాలిష్ చేసేవాళ్ళు, లాడాలు కొట్టేవాళ్ళు, జీన్లు కుట్టేవాళ్ళు. వెయ్యి బళ్ళ డివిజన్‌లో కొన్ని వేలమంది తుపాకీ పట్టుకుని ముందు వరసలో లేరన్నమాట. రోజంతా నడిచి వచ్చాక సైనికుడు పడుకుంటాడు, గుర్రంవాడు మాత్రం ముందు గుర్రానికి నీళ్ళు పట్టాలి, మేత పెట్టాలి, గిట్టల్లో రాళ్ళు తీయాలి, వీపు ఒరుసుకుపోయిందేమో చూడాలి. ఇవన్నీ అయ్యాకే అతనికి కూడు. మీ కథలో ఆ మనిషికి చోటివ్వండి.

పాత ఫొటోల్లో ఏం వెతకాలి

జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్ 2008లో చాలా యుద్ధ ఫొటోలను వికీమీడియా కామన్స్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. ఫొటో తెరవగానే మధ్యలో ఉన్న ట్యాంకును వదిలేసి అంచులు చూడండి, రోడ్డు పక్కన, చెట్ల కింద. చక్రాలు చూడండి, చెక్కవా రబ్బరువా. గుర్రం పక్కటెముకలు కనిపిస్తున్నాయా, మెడ కిందికి వేలాడుతోందా, బొచ్చు ఊడిన మచ్చలున్నాయా చూడండి. తేదీలవారీగా పేర్చి 1941 జూన్ ఫొటోలోని గుర్రాన్నీ డిసెంబరు ఫొటోలోని గుర్రాన్నీ పక్కపక్కన పెడితే సైన్యం ఏ స్థితిలో ఉందో ఏ నివేదికకన్నా ముందే తెలుస్తుంది.

లారీలు కొనుక్కోవచ్చు కదా అనే ప్రశ్న

ఇది తెలివితక్కువతనం అని తేల్చేయకండి. జర్మనీకి సొంత చమురు బావులు దాదాపు లేవు, రుమేనియాలోని ప్లొయెష్టి నూనె మీద, బొగ్గు నుంచి తీసిన కృత్రిమ పెట్రోలు మీద నెట్టుకొచ్చింది. రబ్బరు తోటలు లేవు. కారు పరిశ్రమ అమెరికా ముందు చాలా చిన్నది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ సంధి ప్రకారం ఒకప్పుడు లక్షమందికే పరిమితమైన సైన్యాన్ని హిట్లర్ కొద్ది సంవత్సరాల్లోనే విపరీతంగా పెంచాడు. అన్ని డివిజన్లకు లారీలు ఎక్కడి నుంచి వస్తాయి? 1940 మొదట్లో లారీల కొరత ఎంత ముదిరిందంటే కొన్ని దళాల్లో లారీలు తగ్గించి గుర్రాలు పెట్టాలన్న ఆలోచన పై స్థాయిలోనే నడిచింది. తర్వాత ఫ్రాన్స్‌లో స్వాధీనం చేసుకున్న లారీలు కలిశాయి, అవి వందల రకాలు, ఒకదాని విడిభాగం ఇంకోదానికి పట్టదు. గుర్రం రైతు దగ్గర దొరుకుతుంది, పొలంలో పండింది తింటుంది. దాన్నే ఎంచుకున్నారు. అయితే ఆ రైతు పొలం దున్నడానికి గుర్రం లేకుండా పోయింది, ఆ లోటు పంటలో కనబడింది.

సోవియట్ సైన్యం కూడా తక్కువేమీ కాదు, యుద్ధంలో సుమారు 35 లక్షల గుర్రాలను వాడింది. తేడా ఏమిటంటే వాళ్ళ గుర్రాలు సొంత నేల మీద ఉన్నాయి, యుద్ధం సాగేకొద్దీ అమెరికా పంపిన స్టుడీబేకర్ లారీలు వాళ్ళకు కలుస్తూ వచ్చాయి. బ్రిటిష్ సైన్యం మాత్రం 1939కల్లా దాదాపు పూర్తిగా మోటార్లకు మారింది, ఎంతగా మారిందంటే ఫ్రాన్స్ మంచులో బురదలో సామాను మోయడానికి జంతువులు కావాల్సి వచ్చేసరికి మన దేశం నుంచి నాలుగు కంచరగాడిదల కంపెనీలను పిలిపించుకుంది. 1939 డిసెంబరులో మార్సేలో దిగిన ఆ భారతీయ సైనికుల్లో చాలామందిని తర్వాతి వేసవిలో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ దగ్గర ఓడలెక్కించారు, ఒక కంపెనీ జర్మన్లకు చిక్కింది. డంకర్క్ గురించి చదివేటప్పుడు వాళ్ళను కూడా వెతకండి.

పద్ధతిని స్టాలిన్‌గ్రాడ్ మీద ప్రయోగించి చూడండి

1942 శరత్కాలం. సేనాపతి పౌలస్ కింద జర్మన్ ఆరవ సైన్యం వోల్గా నది ఒడ్డున ఉన్న ఈ సోవియట్ నగరంలో వీధి వీధికీ పోరాడుతోంది. చుట్టూ స్టెప్పీ అనే బయలు మైదానం, మేత లేదు. సన్నటి రైలు దారి మీద గుండ్లు రావాలా గడ్డి రావాలా అన్న ప్రశ్న వచ్చింది. ఎలాగూ నగరంలో పోరాటానికి ఫిరంగులు కదలక్కర్లేదు కదా అని గుర్రాల్లో చాలా భాగాన్ని చలికాలం మేపుకోసం దూరంగా వెనక్కి పంపించేశారు. దాణా లెక్క ప్రకారం చూస్తే అది తప్పు నిర్ణయం కాదు. ఉంచితే చస్తాయి.

నవంబరు 19న సోవియట్ దాడి మొదలై 23 నాటికి కలాచ్ అనే పట్టణం దగ్గర జర్మన్ల చుట్టూ వలయం మూసుకుంది. లోపల రెండున్నర లక్షలకు పైగా మనుషులు, ఫిరంగులు, గుండ్లు, లాగేవి మాత్రం బయట ఎక్కడో వెనక. ఇక్కడ మీ లెక్క తీయండి. వలయం ఛేదించుకుని పడమటికి పోవాలంటే ఒక్కో భారీ ఫిరంగికి పన్నెండు గుర్రాలు కావాలి. లోపల మిగిలిన గుర్రాలెన్ని, వాటికి రోజుకు పది కిలోల చొప్పున మేత ఎక్కడుంది? విమానాల్లో రోజుకు సగటున సుమారు 100 టన్నులు చేరాయి. మనం మొదట వేసిన లెక్కలో అది రెండు డివిజన్ల గుర్రాల ఒక్కరోజు మేత, మనుషులకు గింజ కూడా లేకుండా. లోపలున్నవి ఇరవై డివిజన్లకు పైనే. కాబట్టి విమానాల్లో మేత వచ్చే మాటే లేదు, మిగిలిన గుర్రాలను కోసుకు తినడం మొదలైంది. తిన్నకొద్దీ కదిలే శక్తి తగ్గింది. డిసెంబరులో జర్మన్ సేనాపతి మాన్‌స్టైన్ బయటి నుంచి పంపిన సహాయక దళం దాదాపు 50 కిలోమీటర్ల దూరం దాకా వచ్చి ఆగిపోయింది.

"అప్పుడే పౌలస్ హిట్లర్ మాట కాదని బయటపడి ఉంటే" అని చరిత్ర అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదనలోకి దిగేముందు ఒక కాగితం మీద ఈ మూడు రాసుకోండి, లాగాల్సిన ఫిరంగులూ బళ్ళూ ఎన్ని, లోపల బతికున్న గుర్రాలు ఎన్ని, వాటిలో నిండు బరువుతో 50 కిలోమీటర్లు నడవగలిగేవి ఎన్ని. నవంబరు చివరికి ఒకసారి, డిసెంబరు మూడో వారానికి ఒకసారి వేయండి, ఎందుకంటే ఈ రెండు తేదీల జవాబులు ఒకటి కావు. స్టాలిన్‌గ్రాడ్ అయ్యాక 1944 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఫలాయిస్ దగ్గర జరిగిన పోరాటాన్ని తీసుకోండి. అక్కడ మేతకు కొదవలేదు, గుర్రాలను చంపింది మిత్రపక్షాల విమానాలు. కాబట్టి దాణా వరస తీసేసి దాని బదులు పగటిపూట రోడ్డు మీద కదలగలిగిన గంటలను లెక్కలో పెట్టాల్సి ఉంటుంది.